మీట నొక్కక ముందు మూడు ప్రశ్నలు
డిజిటల్ ద్రవ్యం, దానధర్మాలపై ఒక పౌరపాఠం

ఊరు విడిచి వచ్చిన తెలుగువారు పది కుటుంబాలుగా స్థిరపడిన చోటనల్లా ఒక సంఘం వెలుస్తుంది. ఆ సంఘానికి ఒక చందా పుస్తకం ఉంటుంది. షోలాపురం, భివండి మగ్గాల వాడల్లోనూ, ముంబయి కామాఠిపురలోనూ, బెంగుళూరు, బరంపురం పేటల్లోనూ ఈ ఆనవాయితీ కొత్తది కాదు. శ్రీరామనవమి పందిరికైనా, పేద విద్యార్థి ఫీజుకైనా, పరాయి ఊరిలో కన్నుమూసిన కూలీని స్వగ్రామానికి చేర్చడానికైనా ఆ పుస్తకమే ఆధారం.

చూడడానికి సామాన్యమైన వస్తువే అయినా ఆ పుస్తకం మూడు పనులు చేసేది. వసూలుకు వచ్చినవారు గుమ్మం ముందే నిలబడి ఉండేవారు కనుక, డబ్బు ఎవరి చేతికి పోతున్నదో దాతకు తెలిసేది. ఇచ్చిన నూరు రూపాయలు నూరు రూపాయలుగానే చేరేవి. చించి ఇచ్చిన రసీదు దాత దగ్గర, దాని అడుగుకాగితం సంఘం దగ్గర మిగిలేవి.

నేడు చందా పుస్తకం స్థానంలోకి సెల్‌ఫోన్ వచ్చింది. ఒక విజ్ఞప్తి, ఒక ఫొటో, దాని కింద ఒక క్యూఆర్ కోడ్. ముంబయిలో రాత్రి పదకొండు గంటలకు చదివిన విజ్ఞప్తికి పదకొండు గంటల ఒక నిమిషానికి సాయం చేరిపోతుంది. ఈ వేగం వలన నిలిచిన ప్రాణాలు ఉన్నాయి. అయితే చందా పుస్తకం తనంతట తానుగా చేసిన మూడు పనులను ఫోన్ తనంతట తానుగా చేయదు. ఎవరి చేతికి? చేరేసరికి ఎంత? ఏ ఆధారం మిగులుతుంది? ఈ మూడు ప్రశ్నలను ఇకపై దాతే వేసుకోవాలి. అది కూడా మీట నొక్కిన తరువాత కాదు, నొక్కక ముందు. డిజిటల్ ద్రవ్యం పోయినంత సులువుగా తిరిగి రాదు.

ఇలా ప్రశ్నించడం దయ లేకపోవడం కాదు. పాత్రత ఎరిగి దానం చేయాలని పెద్దలు చెప్పినది గ్రహీతను కించపరచడానికి కాదు. నిజంగా అవసరంలో ఉన్నవాని వాటా మోసగాని పాలు కాకూడదని. ఒకసారి మోసపోయిన ఇల్లు మరుసటి విజ్ఞప్తిని నమ్మదు. ఆ మరుసటి విజ్ఞప్తి నిజమైనదే కావచ్చు. దొంగ విజ్ఞప్తి చేసే అసలు నష్టం అదే.

డిజిటల్ డబ్బు: మూడు వేర్వేరు వస్తువులు

వాడుకలో అన్నింటినీ కలిపి "డిజిటల్ డబ్బు" అంటున్నప్పటికీ, ఆ మాట కింద మూడు వేర్వేరు వస్తువులు ఉన్నాయి. వాటిని విడదీసి తెలుసుకుంటే సగం గందరగోళం తొలగిపోతుంది.

మొదటిది యూపీఐ. ఇది ఒక ద్రవ్యం కాదు, ఒక దారి. 2016లో భారత జాతీయ చెల్లింపుల సంస్థ దీనిని ప్రారంభించింది. దాత బ్యాంకు ఖాతాలోని రూపాయలు గ్రహీత బ్యాంకు ఖాతాలోకి క్షణాలలో బదిలీ అవుతాయి. డబ్బు రూపాయలలోనే ఉంటుంది. రెండు చివరలా బ్యాంకు ఉంటుంది. బదిలీకి ఒక సంఖ్య మిగులుతుంది.

రెండవది డిజిటల్ రూపాయి. దీనిని ఈ-రూపాయి అని కూడా అంటారు. ఇది భారతీయ రిజర్వు బ్యాంకు స్వయంగా జారీ చేసే కరెన్సీ. కాగితం నోటు మీద ఉన్న హామీయే దీని మీద కూడా ఉంటుంది. సామాన్య ప్రజల కోసం దీని ప్రయోగాత్మక వాడకం 2022 డిసెంబరు 1న ముంబయి, న్యూఢిల్లీ, బెంగుళూరు, భువనేశ్వర్ నగరాలలో నాలుగు బ్యాంకుల ద్వారా మొదలైంది. ఆ నాలుగు నగరాలలో మూడింటిలో ఎంతోకాలంగా తెలుగువారు నివసిస్తున్నారు. నోట్ల విలువలలోనే ఇది ఫోన్‌లోని వ్యాలెట్‌లో ఉంటుంది. జేబులోని నోటుకు వడ్డీ రానట్లే దీనికీ వడ్డీ రాదు. నూరు ఈ-రూపాయలు ఎప్పటికీ నూరు రూపాయలే.

మూడవది క్రిప్టో. 2009లో వచ్చిన బిట్‌కాయిన్ వీటిలో మొదటిది. 2015లో వచ్చిన ఇథీరియం మరొక ప్రసిద్ధ వ్యవస్థ. వీటి వెనుక ఏ ప్రభుత్వ బ్యాంకు హామీ లేదు. కొనేవారు ఇచ్చే ధరే వీటి విలువ; అది గంట గంటకూ మారుతుంది. రిజర్వు బ్యాంకు 2018 ఏప్రిల్‌లో, ఇటువంటి లావాదేవీలకు బ్యాంకులు సేవలు అందించరాదని ఉత్తర్వు ఇచ్చింది. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. 2022 నాటి ఆర్థిక చట్టం వీటికి "వర్చువల్ డిజిటల్ ఆస్తి" అని పేరు పెట్టి, లాభం మీద 30 శాతం పన్ను విధించింది. పన్ను వేశారు కనుక ఇది కరెన్సీగా గుర్తింపు పొందిందని కొందరు ప్రచారం చేస్తారు. అది పొరపాటు. ఇంటి స్థలం అమ్మితే వచ్చే లాభానికి కూడా పన్ను ఉంటుంది. అంత మాత్రాన ఇంటి స్థలం కరెన్సీ కాదు.

క్లుప్తంగా చెప్పాలంటే యూపీఐ ఒక దారి, డిజిటల్ రూపాయి ఒక నోటు, క్రిప్టో ఒక సరుకు. దారిలో వెళ్ళే డబ్బుకు చిరునామా సరిచూడాలి. నోటు ఇచ్చేటప్పుడు చెయ్యి చూడాలి. సరుకు ఇచ్చేటప్పుడు దాని ధర కూడా చూడాలి.

మొదటి ప్రశ్న: ఎవరి చేతికి?

2020 మార్చి చివరలో, కోవిడ్ లాక్‌డౌన్ మొదలైన కొద్ది రోజులకే పీఎం కేర్స్ నిధి ఏర్పడింది. దానికి విరాళాలు పంపడానికి ప్రభుత్వం ఒక యూపీఐ చిరునామా ప్రకటించింది. ఆ వెంటనే, చూపుకు అచ్చం అలాగే ఉండే నకిలీ చిరునామాలు పుట్టుకొచ్చాయి. అసలు చిరునామాలో "కేర్స్" అని ఉండగా, పోలీసుల దృష్టికి వచ్చిన ఒక నకిలీలో "కేర్" అని మాత్రమే ఉంది. ఒక్క అక్షరం తేడా. ప్రధానమంత్రి పేరు మీద ఉన్న నిధికే ఇది జరిగినప్పుడు, ఒక వీధి సంఘం పేరుకు జరగదని అనుకోవడానికి వీలు లేదు.

యూపీఐలో రహస్య సంఖ్య నమోదు చేయక ముందు గ్రహీత పేరు తెర మీద కనిపిస్తుంది. దాత ఆగి చదవవలసిన చోటు అదే. విజ్ఞప్తిలో సంస్థ పేరు ఉండి, తెర మీద ఒక వ్యక్తి పేరు కనిపిస్తే అక్కడితో ఆగిపోవాలి. విజ్ఞప్తి పంపిన బంధువునో మిత్రునో ఫోన్ చేసి అడగాలి. అడగవలసినది "ఇది నిజమేనా?" అని కాదు, "మీకు ఈ మనిషి స్వయంగా తెలుసా?" అని. చాలా సందర్భాలలో వారు కూడా మరొకరు పంపినదే పంపి ఉంటారు. నలుగురు పంపినంత మాత్రాన ఒక విజ్ఞప్తికి నాలుగు సాక్ష్యాలు ఉన్నట్లు కాదు.

వైద్య సహాయం కోసం వచ్చే విజ్ఞప్తులలో మరొక జాగ్రత్త ఉంది. రోగి ఏ ఆసుపత్రిలో ఉన్నారో, అక్కడి నమోదు సంఖ్య ఏమిటో తెలుసుకొని, వీలైతే ఆ సంఖ్య పేర్కొంటూ ఆసుపత్రి ఖాతాకే డబ్బు కట్టడం ఉత్తమం. ఆసుపత్రి ఫోన్ నంబరును విజ్ఞప్తి నుండి తీసుకోకూడదు; విడిగా వెతికి తెలుసుకోవాలి. ఈ చిన్న శ్రమను నిజమైన కుటుంబం తప్పు పట్టదు. "సమయం లేదు, ముందు పంపండి" అని తొందరపెట్టి, వివరం అడిగితే కోపగించుకునేవారి విషయంలోనే అనుమానించాలి.

క్రిప్టోలో ఈ మొదటి ప్రశ్న మరింత కఠినమవుతుంది. అక్కడ చిరునామా అంటే పొడవైన అక్షరాల, అంకెల వరుస మాత్రమే. ఎంత మొత్తం వచ్చింది, ఎటు పోయింది అన్నది బహిరంగ పద్దులో అందరూ చూడవచ్చు. కానీ ఆ చిరునామా వెనుక ఉన్న మనిషి ఎవరో ఆ పద్దు చెప్పదు. పంపినది తప్పు చిరునామాకు పోతే వెనక్కు రప్పించే బ్యాంకు మేనేజరు ఎవరూ ఉండరు. "అంతా బహిరంగమే" అన్న మాట పద్దుకు వర్తిస్తుంది, మనుషులకు కాదు.

రెండవ ప్రశ్న: చేరేసరికి ఎంత?

ఈ ప్రశ్నకు భారతదేశంలోనే ఒక పెద్ద ఉదాహరణ ఉంది. 2021 ఏప్రిల్‌లో కోవిడ్ రెండవ ఉధృతి సమయాన ఆక్సిజన్‌కూ, ఆసుపత్రి పడకలకూ కొరత ఏర్పడినప్పుడు, పాలిగాన్ అనే సంస్థ సహవ్యవస్థాపకుడు సందీప్ నైల్వాల్ క్రిప్టో రూపంలో విరాళాలు సేకరించే సహాయనిధిని ప్రారంభించారు. మే నెలలో ఇథీరియం సహవ్యవస్థాపకుడు విటాలిక్ బుటెరిన్ ఆ నిధికి 500 ఈథర్‌తో పాటు 50 లక్షల కోట్లకు పైగా "షిబా ఇను" నాణేలను పంపారు. ఆనాటి ధరల ప్రకారం వాటి విలువ 100 కోట్ల డాలర్లు దాటింది.

ఆ వార్త బయటికి రాగానే షిబా ఇను ధర ఒక్క రోజులో దాదాపు మూడవ వంతు పడిపోయింది. అన్ని నాణేలను ఒక్కసారిగా అమ్మితే ధర ఇంకా కూలిపోతుంది. అందువలన నిర్వాహకులు కొంచెం కొంచెంగా మార్చుకోవలసి వచ్చింది. చివరికి చేతికి అందినది ప్రకటిత విలువలో సుమారు సగం, అంటే దాదాపు 47 కోట్ల డాలర్లు. విదేశీ విరాళాలకు సంబంధించిన భారతీయ నిబంధనల మధ్య ఆ డబ్బును ఖర్చు చేయడం కూడా నెమ్మదిగా సాగవలసి వచ్చింది. 2022 జనవరిలో అందులో 10 కోట్ల డాలర్లను తిరిగి బుటెరిన్‌కే పంపి, కోవిడ్‌కు సంబంధించిన ఇతర కృషికి వినియోగించే ఏర్పాటు చేశారు.

ఈ ఉదంతంలో దాత ఉద్దేశాన్ని గానీ, సేకరించినవారి శ్రమను గానీ తక్కువ చేయవలసిన పని లేదు. సగం తగ్గినా అది చాలా పెద్ద సహాయమే. నేర్చుకోవలసినది ఒక్కటే: తెర మీద కనిపించే అంకె వేరు, ఆసుపత్రి గుమ్మం ముందు దిగే ఆక్సిజన్ సిలిండరు వేరు. ఆ రెండింటి మధ్య ధర పడిపోవడం, మార్పిడి, పన్ను, చట్టం అనే నాలుగు మెట్లు ఉంటాయి.

ఇదే లెక్కను ఒక సామాన్య కుటుంబానికి వర్తింపజేసి చూడవచ్చు. ఒక యువకుడు 20,000 రూపాయలకు కొన్న క్రిప్టో నేడు 50,000 రూపాయలు పలుకుతున్నదనుకోండి. అది అమ్మి, వచ్చిన మొత్తాన్ని తన ఊరి పాఠశాలకు ఇవ్వాలని అతని సంకల్పం. లాభం 30,000 రూపాయలు. దాని మీద 30 శాతం పన్ను 9,000 రూపాయలు. ఆ పన్ను మీద 4 శాతం సెస్సు 360 రూపాయలు. మొత్తం 9,360 రూపాయలు పోగా మిగిలేది 40,640 రూపాయలు. అమ్మేటప్పుడే ఒక శాతం, అంటే 500 రూపాయలు, ముందస్తుగా మినహాయిస్తే, అది ఈ పన్నులోనే జమ అవుతుంది. ఎక్స్‌ఛేంజి రుసుములు దీనికి అదనం. పాఠశాలకు 50,000 ఇస్తానని మాట ఇచ్చిన తరువాత ఈ లెక్క చేస్తే, మిగతా 9,360 రూపాయలు ఇంటి ఖర్చులలో నుండి తీయవలసి వస్తుంది. "తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం" అన్న సామెత ఇటువంటి చోటనే గుర్తుకు రావాలి.

అమ్మకుండా క్రిప్టోనే నేరుగా పాఠశాలకు బదిలీ చేస్తే ఏమవుతుందన్న సందేహం సహజం. పన్ను మినహాయింపు డబ్బు రూపంలో ఇచ్చిన విరాళానికే లభిస్తుంది. వస్తువుల రూపంలో ఇచ్చిన దానికి లభించదు. క్రిప్టో చట్టం దృష్టిలో డబ్బు కాదు. పైగా, దానిని భద్రపరచే, మార్చుకునే, లెక్క రాసే భారమంతా పాఠశాల మీద పడుతుంది. గ్రహీతకు మోయలేని బరువును దానంగా ఇవ్వకూడదు.

మూడవ ప్రశ్న: ఏ ఆధారం మిగులుతుంది?

కుడిచేత్తో ఇచ్చినది ఎడమచేతికి తెలియకూడదని భావించేవారు తెలుగువారిలో ఎందరో ఉన్నారు. గుప్తదానం గొప్ప సంప్రదాయమే. కానీ గుప్తదానం అంటే పొరుగువారి నుండి దాచడం. లెక్కల పుస్తకం నుండి దాచడం కాదు. దాత పేరును సంస్థ బయటికి ప్రకటించనవసరం లేదు. తన పద్దులో మాత్రం రాసుకోవాలి. చట్టం కూడా ఇదే అంటుంది. ఎవరిచ్చారో పద్దు లేని విరాళాలు ఒక పరిమితి దాటితే ధర్మసంస్థ వాటి మీద 30 శాతం పన్ను కట్టవలసి ఉంటుంది. పూర్తిగా మతపరమైన సంస్థలకు మాత్రం ఇందులో మినహాయింపు ఉంది. పేరు చెప్పని దాత వలన ధర్మసంస్థకే నష్టం జరగవచ్చునన్న మాట.

పన్ను మినహాయింపు విషయంలో పాఠకులు గుర్తుంచుకోవలసిన అంశాలు ఇవి. (1961 నాటి ఆదాయపు పన్ను చట్టానికి బదులుగా 2025 నాటి కొత్త చట్టం 2026 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చేలా రూపొందింది. సెక్షన్ల సంఖ్యలు, పత్రాల పేర్లు మారినా, అందరికీ పరిచయమైన పాత పేర్లనే ఇక్కడ వాడడమైనది.)

ఒకటి: మినహాయింపు 80-జి గుర్తింపు ఉన్న సంస్థకు ఇచ్చిన విరాళానికే వర్తిస్తుంది. వ్యక్తికి చేసిన సహాయం ఎంత పుణ్యకార్యమైనా దానికి వర్తించదు.

రెండు: నగదు రూపంలో 2,000 రూపాయలకు మించి ఇచ్చిన విరాళానికి మినహాయింపు లేదు. చెక్కు, బ్యాంకు బదిలీ, యూపీఐ వంటి బ్యాంకు మార్గాలలో ఇస్తే లభిస్తుంది.

మూడు: చాలా స్వచ్ఛంద సంస్థల విషయంలో, ఇచ్చిన మొత్తంలో సగమే ఆదాయం నుండి తగ్గుతుంది. 10,000 రూపాయలు యూపీఐ ద్వారా ఇస్తే లెక్కకు వచ్చే ఆదాయం 5,000 తగ్గుతుంది. 20 శాతం శ్లాబులో ఉన్నవారికి పన్ను 1,000 రూపాయలు, సెస్సుతో కలిపి 1,040 రూపాయలు ఆదా అవుతుంది. "పూర్తి మొత్తం ప్రభుత్వం తిరిగి ఇస్తుంది" అని ఎవరైనా చెబితే నమ్మకూడదు.

నాలుగు: కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి ఈ మినహాయింపు వర్తించదు.

ఐదు: రసీదు మాత్రమే చాలదు. సంస్థ తనకు వచ్చిన విరాళాల వివరాలను ఆదాయపు పన్ను శాఖకు సమర్పించి, మరుసటి ఆర్థిక సంవత్సరం మే 31లోగా దాతకు 10-బీఈ అనే ధ్రువపత్రం ఇవ్వాలి. అందుకోసం దాత తన పాన్ సంఖ్యను సంస్థకు ముందే తెలియజేయడం మంచిది.

కోశాధికారి ఖాతాలో సంఘం డబ్బు

చిన్న సంఘాలలో అత్యంత సాధారణమైన చిక్కు ఇది. సంఘానికి బ్యాంకు ఖాతా ఉండదు. అందరికీ నమ్మకస్తుడైన ఒకరు తన సొంత క్యూఆర్ కోడ్‌ను విజ్ఞప్తితో జత చేస్తారు. వారం రోజులలో లక్షన్నర వస్తుంది. ఆయన నిజాయతీలో ఏ లోపమూ ఉండకపోవచ్చు. అయినా ఆ క్షణం నుండి ఆయన మూడు ప్రమాదాల మధ్య నిలబడతాడు.

మొదటిది పన్ను. బంధువులు కానివారి నుండి ఒక ఆర్థిక సంవత్సరంలో ప్రతిఫలం లేకుండా వచ్చిన మొత్తం 50,000 రూపాయలు దాటితే, అదంతా పుచ్చుకున్న వ్యక్తి ఆదాయంగా లెక్కకు రావచ్చు. ఆ డబ్బు తనది కాదని నిరూపించుకోవలసిన భారం ఆయన మీదనే పడుతుంది. రెండవది కలగలుపు. ఇంటి అద్దె, పిల్లల ఫీజు, చందా డబ్బు ఒకే ఖాతాలో నడిస్తే, ఆరు నెలల తరువాత లెక్క తీయడం ఆయనకే కష్టమవుతుంది. మూడవది అపవాదు. ఎవరో ఒకరు "లెక్క చూపించు" అంటారు. చూపించడానికి విడిగా ఒక పద్దు లేకపోతే ఇరవై ఏళ్ళ మంచిపేరు ఒక్క సాయంత్రంలో పోతుంది. పరాయి రాష్ట్రంలో ఒకరికొకరుగా బతికిన కుటుంబాలు మాటలు మానుకునేది తరచుగా ఇటువంటి చోటనే. అందువలన సంఘానికి విడిగా ఖాతా ఉండాలని కోరడం కోశాధికారిని అనుమానించడం కాదు, ఆయనను కాపాడడం.

చేయవలసిన పనులు కష్టమైనవి కావు. సంఘాన్ని నమోదు చేయించుకోవాలి. నమోదుకు వర్తించే చట్టం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. మహారాష్ట్రలో 1950 నాటి పబ్లిక్ ట్రస్టుల చట్టం కింద చారిటీ కమిషనర్ కార్యాలయం ఈ వ్యవహారాలు చూస్తుంది. నమోదు కాని మండలి ఉత్సవం కోసం చందాలు వసూలు చేయదలచినా అదే చట్టంలోని 41-సి సెక్షన్ కింద ఆ కార్యాలయాన్ని ఆశ్రయించాలి. కర్ణాటకలో 1960 నాటి, తమిళనాడులో 1975 నాటి సంఘాల నమోదు చట్టాలు ఉన్నాయి. సంఘం పేరు మీద ఖాతా తెరచి, దానిని ఇద్దరు సంతకందారులతో నడపాలి. క్యూఆర్ కోడ్ ఆ ఖాతాదే కావాలి. వసూలు ముగిసిన తరువాత ఎంత వచ్చింది, దేనికి ఎంత ఖర్చయింది, ఎంత మిగిలింది అన్న మూడు వరుసల లెక్కను సభ్యులందరికీ తెలియజేయాలి. దాతల పేర్లు ప్రకటించకపోయినా ఈ లెక్క ప్రకటించవచ్చు.

విదేశాలలోని ఆప్తుల విరాళం

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడిన బంధువు సంఘానికి ఉదారంగా సాయం చేస్తానంటే సంతోషమే. కానీ పుచ్చుకునే ముందు ఒక్క విషయం అడగాలి: ఆయన పాస్‌పోర్టు ఏ దేశానిది? విదేశంలో ఉన్నా భారతీయ పౌరుడిగానే కొనసాగుతున్నవారు తమ సొంత సంపాదన నుండి బ్యాంకు ద్వారా పంపినది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు, ఓసీఐ కార్డు ఉన్నా సరే, పంపినది విదేశీ విరాళమే అవుతుంది. రూపాయలలో ఇచ్చినా అంతే.

విదేశీ విరాళం తీసుకోవాలంటే 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద సంస్థకు నమోదు లేదా ముందస్తు అనుమతి ఉండాలి. 2020 సెప్టెంబరులో జరిగిన సవరణ ప్రకారం ఆ డబ్బు ముందుగా భారతీయ స్టేట్ బ్యాంకు న్యూఢిల్లీ ప్రధాన శాఖలోని నిర్దేశిత ఖాతాకే రావాలి. ఒక సంస్థ పుచ్చుకున్న విదేశీ విరాళాన్ని మరొక సంస్థకు ఇవ్వకూడదు. క్రిప్టో రూపంలో పంపితే ఈ నిబంధనలు వర్తించవని ఎవరైనా సలహా ఇస్తే ఆ సలహా వినకూడదు. డబ్బు రూపం మారినంత మాత్రాన దాత పౌరసత్వం మారదు. ఆప్తుడు తన సొంత అన్నదమ్ములకో తల్లిదండ్రులకో ఇంటి ఖర్చులకు పంపుకోవడం వేరు విషయం. సంఘానికి పంపడం వేరు విషయం.

మోసం జరిగిందని తెలిస్తే

మోసపోయినవారు సాధారణంగా సిగ్గుతో మౌనం వహిస్తారు. ఆ మౌనమే మోసగానికి వ్యవధి ఇస్తుంది. 1930 జాతీయ సహాయ నంబరుకు వెంటనే ఫోన్ చేయాలి. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో కూడా ఫిర్యాదు నమోదు చేయవచ్చు. డబ్బు ఖాతాలు దాటి పోకముందే సమాచారం అందితే దానిని నిలిపివేసే అవకాశం ఉంటుంది. కనుక ఇక్కడ నిమిషాలకు కూడా విలువ ఉన్నది. బదిలీ సంఖ్య, సమయం, మొత్తం, ఎదుటివారి యూపీఐ చిరునామా దగ్గర ఉంచుకోవాలి. తమ బ్యాంకుకు కూడా తెలియజేయాలి. ఆ తరువాత, ఆ విజ్ఞప్తిని తమకు పంపినవారికీ, తాము పంపినవారికీ విషయం చెప్పాలి. అదీ ఒక దానమే.

ఇంకొక మాట. డబ్బు పుచ్చుకోవడానికి రహస్య సంఖ్య ఎన్నడూ అవసరం లేదు. "మీ విరాళం పొరపాటున రెండుసార్లు వచ్చింది, తిరిగి పంపుతాము, పిన్ నొక్కండి" అని ఎవరైనా అంటే అది మోసమే.

అభ్యాసం

కింది సందర్భాలను కుటుంబ సభ్యులు కలిసి చదివి, సమాధానం చూడకముందే చర్చించుకోవలసినది.

1. ఒక పసిబిడ్డ శస్త్రచికిత్సకు సాయం కోరుతూ విజ్ఞప్తి వచ్చింది. క్యూఆర్ కోడ్ చూపిస్తే తెర మీద ఆ కుటుంబానికి సంబంధం లేని పేరు కనిపించింది. ఏమి చేయాలి?
సమాధానం: పంపకుండా ఆగాలి. ఆసుపత్రి నంబరును విడిగా తెలుసుకొని విచారించాలి. నిజమని తేలితే ఆసుపత్రి ఖాతాకు కట్టాలి. నిజమైతే సాయం ఆగదు, కొద్దిసేపు ఆలస్యమవుతుందంతే.

2. 80-జి గుర్తింపు ఉన్న వృద్ధాశ్రమానికి ఒక ఉద్యోగి 5,000 రూపాయల నగదు ఇచ్చి రసీదు తీసుకున్నారు. పన్ను మినహాయింపు లభిస్తుందా?
సమాధానం: లభించదు. నగదు 2,000 రూపాయలకు మించింది. అదే మొత్తం బ్యాంకు మార్గంలో ఇచ్చి, పాన్ సంఖ్య తెలియజేసి, 10-బీఈ ధ్రువపత్రం పొంది ఉంటే, పాత పన్ను విధానంలో ఉన్నవారికి లభించేది.

3. "మా నాణెం కొనండి; లాభంలో పది శాతం అనాథాశ్రమానికి పోతుంది" అని ఒక ప్రకటన. ఇది దానమా?
సమాధానం: కాదు. ఇది ఒక సరుకు అమ్మకం. అనాథాశ్రమానికి ఇవ్వదలచినవారు ఆశ్రమానికే నేరుగా ఇవ్వవచ్చు. నాణెం కొనదలచినవారు దానిని నష్టభయం ఉన్న పెట్టుబడిగానే ఎంచి నిర్ణయించుకోవాలి. రెండింటినీ ముడివేసినవారి ఉద్దేశాన్ని ప్రశ్నించాలి.

4. అమెరికా పౌరసత్వం ఉన్న బంధువు, విదేశీ విరాళాల నమోదు లేని వీధి సంఘానికి లక్ష రూపాయలు పంపుతానన్నారు. సంఘం ఏమని చెప్పాలి?
సమాధానం: కృతజ్ఞతలు తెలిపి, తమకు పుచ్చుకునే అర్హత లేదని చెప్పాలి. నమోదు ఉన్న మరొక సంస్థకు నేరుగా పంపమని సూచించవచ్చు.

5. సంఘం సభ్యులు ఈ నెలలోనే చేయదగిన పని: ప్రస్తుతం వాడుతున్న క్యూఆర్ కోడ్‌ను ఒక్క రూపాయి పంపి చూడండి. తెర మీద కనిపించే పేరు సంఘానిదా, వ్యక్తిదా? వ్యక్తిదైతే రాబోయే సమావేశంలో మొదటి అంశంగా దానినే చర్చకు పెట్టండి.